ఓడ ముత్యాలప్ప, పెద్దింటి పాతర

ఎర్రబండపల్లికి సముద్రం ఎంత దూరమో ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. పెనుకొండ కొండ కొసకెక్కి తూర్పుకు చూస్తే కనిపిస్తుందని కొందరు, కాదు, ధర్మవరంలో రైలెక్కి కూర్చుంటే అదే వస్తుందని కొందరు వాదించుకునేవాళ్ళు. ఊరికి తెలిసిన నీళ్ళల్లా ఊరవతల వంక. అది ఏడాదికి పది దినాలు పారుతుంది, తక్కిన దినాల్లో పిల్లలు అందులో గోలీలాడుకుంటారు. అటువంటి ఊళ్ళో పేరుకు ముందు ‘ఓడ’ తగిలించుకున్న మనిషి ఒకడు ఉండేవాడంటే, బోడితలకు పూలచెండు పెట్టినట్టే. ఆ మనిషి ముత్యాలప్ప తాత. నేలలో తవ్వి గింజలు దాచే పాతర సంగతి జరిగిన పంతొమ్మిది వందల యాభై మూడో సంవత్సరంలో ఆయనకు ముప్పై ఐదేళ్ళు, మీసం నల్లగానే ఉంది, తాత కావడానికి చాలా కాలం ఉంది. అయినా ఉత్త పేరు పెట్టి రాస్తే పైనుంచి దిగొచ్చి చెవి మెలేస్తాడు గనుక తాత అనే అనుకుందాం.

ఓడ కన్నా ముందు బూట్ల కథ ఉంది. గొర్రెలు కాచే ఇంట్లో పుట్టిన తాతకు ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా అరికాలిలో ముల్లు లేని దినం లేదు. నలభై ఒకటో సంవత్సరంలో రెండు పొట్టేళ్ళను తోలుకుని హిందూపురం సంతకు పోయాడు. అక్కడ సైన్యంలోకి మనుషులను తీసుకునేవాళ్ళు బల్ల వేసుకుని కూర్చున్నారు. బల్ల మీది కాగితంలో రాజుగారి గొప్పతనం గురించి ఏం రాసి ఉందో తాతకు తెలియదు, చదువు రాదు. బల్ల కింద మాత్రం ఒక జత బూట్లు కనిపించాయి. నల్లగా, మందంగా, తుమ్మముల్లును చూసి నవ్వేటట్టు ఉన్నాయి. సాయంత్రానికి పొట్టేళ్ళు రెండూ పక్క ఊరివాడి వెంట ఇంటికి తిరిగొచ్చాయి. తాత రాలేదు. అప్పటికి పెళ్ళయి ఆరు నెలలు. “సంతకు పోయి మొగుణ్ణి ఇడిసిపెట్టి పొట్టేళ్ళను తోలుకొచ్చుకున్నట్టయింది నా బతుకు” అని ఆయన భార్య పెద్దక్క అవ్వ ఆ తరువాత ఎన్నేళ్ళో చెప్పుకుంది. పొట్టేళ్ళు మాత్రం మంచివేనని చివర్లో కలిపేది.

బెంగుళూరులో తాతకు నడక నేర్పించారు. అంతవరకు నడిచిందంతా నడక కాదని ఆయనకు అప్పుడే తెలిసింది. తరువాత ఓడెక్కించి సింగపూరు పంపారు. అక్కడ యుద్ధం వచ్చి, దొరలు చేతులెత్తేశారు. “అంత పెద్ద దొరలే రెండు చేతులెత్తితే, మనం ఎత్తకుంటే మర్యాదగా ఉంటాదా అప్పా” అని తాత తన చేతుల గురించి చెప్పేవాడు. జపాను వాళ్ళు ఏడాదిపాటు మూటలు మోయించి, ఆ తరువాత ఒక బొగ్గు ఓడ అడుగుకు తోలారు. తోలే ముందు మొట్టమొదట లాక్కున్నది బూట్లనే.

ఆ ఓడలోనే తాత నలభై దినాలు ఉన్నాడు. యుద్ధం ముగిసి, బొమికలు లెక్కపెట్టుకునేటట్టు నలభై ఆరులో ఊరికి వచ్చాక, సిద్ధమ్మ టీ అంగడి ముందరి బండ మీద కూర్చుని ఆ నలభై దినాలను ఏడేళ్ళపాటు చెప్పాడు. సముద్రం చూడని వాళ్ళకు ఓడ ఎలా చెప్పాలి? అందుకని పాతరతో మొదలుపెట్టేవాడు.

“పాతర చూసినారు కదప్పా. మూతి ఒక మనిషి పట్టేంత, కడుపు ఇల్లంత. జొన్నలు పోసి, పైన బండేసి, మట్టి కప్పుతాం. ఆ జొన్నలకు నోరుంటే ఏం చెప్తాయో అదే నేను చెప్తాండా. ఐదునూర్ల మందిమి. పలకల మీద అటకల మాదిరి రెండు వరసలు. కూర్చుంటే తల తగులుతాది, పండుకుంటే పక్కోని మోకాలు తగులుతాది. నీళ్ళు ఆరుమందికి ఒక తగరపు గిన్నె. ఇనప గోడకు పట్టిన చెమట నాకినాం.”

“ఉప్పగా ఉండిందా?” అని సిద్ధమ్మ ప్రతిసారీ అడిగేది.

“తుప్పు రుచి మే. నీ టీ కన్నా కొంచెం మేలు.”

ఆ ఓడ అడుగున రెండు పద్ధతులు ఉండేవి. మొదటిది అన్నం పంచుకోవడం. అది ఎర్రబండపల్లి పద్ధతే. ఊళ్ళో జాతరకు పొట్టేలు కోస్తే మాంసం ఆకుల మీద పోగులు పెడతారు. ఇంటికొకరు ఒక గుడ్డలో గుర్తు వేస్తారు, పుల్లో, గవ్వో, గాజుముక్కో. ఏ గుర్తు ఎవరిదో తెలియని మనిషి కండ్లు పక్కకు తిప్పుకుని పోగుకొకటి వేసుకుంటూ పోతాడు. ఎవరి గుర్తు పడిన పోగు వాళ్ళది, మారు మాట లేదు. ఓడలో పిడికెడన్నం కోసం గొంతులు పట్టుకుంటూ ఉంటే తాత ఈ పద్ధతి పెట్టాడు. ఆయన వరసలో ఇరవైనాలుగు మంది. ఒకడు గుండీ ఇచ్చాడు, ఒకడు తలపాగా పోగు, ఒకడు ఊడిన పన్ను. తాత గుర్తు చింతపిక్క. నలభై దినాల్లో ఆ వరసలో అన్నం కోసం చెయ్యి లేచింది లేదు.

రెండో పద్ధతి తుమకూరు శివణ్ణ పెట్టింది. తాత పక్క మోకాలు అతనిదే. పైనున్న మూతి కింద నిచ్చెన మెట్టు మీద గంటకొకడు నిలబడాలి. గాలి పీల్చుకోవచ్చు గానీ దానికి బదులు పైన ఏముందో కిందివాళ్ళకు చెబుతూ ఉండాలి. మబ్బుంది, మబ్బు పోయింది, కావలివాడు తుమ్మాడు, ఇట్లా. శివణ్ణ కన్నడంలో చెబితే తాత తెలుగు చేసేవాడు, ఇంకొకడు అరవం చేసేవాడు. ఒకరోజు శివణ్ణకు కిందివాళ్ళ మీద జాలి కలిగి, ఒడ్డు కనిపిస్తూ ఉందని చెప్పాడు. లేని ఒడ్డు. దాచుకున్న నీళ్ళన్నీ ఆ సంతోషంలో తాగేశారు. మరుసటి దినం ఏడ్చారు. అప్పటి నుంచి కట్టడి: మెట్టు మీద నిలబడ్డవాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

శివణ్ణ ఓడ దిగలేదు. ఈ మాట దగ్గర తాత కథ ఆపి టీ అడిగేవాడు.

ఈ కథ వల్లనే ఊళ్ళో తాతకు ఒక పదవి వచ్చింది. అంతకు ముందు జాతరలో గుర్తులు వేసే పని పెద్దింటి వాళ్ళది. పెద్దింటి నారాయణప్పకు ఊళ్ళో సగం చేన్లు, ఒక పెద్ద పొట్ట, రంగప్ప అనే బావమరిది ఉండేవి. రంగప్ప గుర్తులు వేసినన్నాళ్ళూ కాలేయం పెద్దింటి దోవ తప్పి ఎక్కడికీ పోయేది కాదు. చచ్చేటంత ఆకలిలో ఇరవైనాలుగు మందికి పంచినవాడు వచ్చాక ఊరు గుర్తుల గుడ్డ తాత చేతికిచ్చింది. అప్పటి నుంచి రంగప్ప ఒకటే పాట.

“ఓడంట ఓడ. ఆయప్ప బెంగుళూరులో మిలిటరీ వంటింట్లో ఎర్రగడ్డలు ఒలిచిండాడు. ఎవరు చూసినారు?”

తాతకు కావలసిందల్లా ఊరు ఆ పాట నమ్మకుండా ఉండడం. అయితే ఆయన దగ్గర ఒక గుట్టు ఉంది. అది బయటపడితే రంగప్ప పాట ఊరి పాట అవుతుంది. ఆ గుట్టు అవ్వకు తప్ప ఎవరికీ తెలియదు.

నలభై దినాలు ఓడ కడుపులో ఉన్న శూరుడికి, తలుపు మూస్తే ఊపిరాడదు.

ఊరికొచ్చిన మొదటి దినమే ఇంట్లో నాలుగు ఘడియలు కూడా ఉండలేక బయటికి వచ్చి మంచం వేసుకున్నాడు. అడిగినవాళ్ళకు గొర్రెల కావలి అని చెప్పాడు. ఉన్నవి మూడు గొర్రెలు, అందులో ఒకటి కుంటిది. పెనుకొండకు పోతే బస్సు పైన మూటల మధ్య కూర్చునేవాడు, చేన్లు బాగా కనిపిస్తాయని. కనిపించే చేన్లన్నీ ఎండినవే. హిందూపురంలో డేరా సినిమాకు పోతే గుడారం అంచు దగ్గర కూర్చుని, తల బయట పెట్టి, తెర మీది పాటలు విని వచ్చేవాడు. ఇంట్లో ఉప్పు కావాలన్నా లోపలి గదికి పోడు. అవ్వ “మిలిటరీవాడు గదా, ఉప్పుకు గూడా ఉత్తరువు కావాల” అని గొణుక్కుంటూ తనే తెచ్చుకునేది. ఊరి ముందర మాత్రం ఒక్క మాట జారేది కాదు. ఆ ఒక్క విషయంలో అవ్వ పాతర కన్నా లోతు.

అంతలో కరువొచ్చింది. రెండేళ్ళు వాన లేదు. యాభై మూడు ఆషాఢంలో గాలి మాత్రం వచ్చింది. రాళ్ళను దొర్లించే గాలి. ఊళ్ళో బడి పక్కన ప్రభుత్వం గంజి కేంద్రం పెట్టింది. గంజి ఎంత తేటగా ఉండేదంటే, అందులో ముఖం చూసుకుని మీసం దువ్వుకోవచ్చు. గరిటె తాతకు ఇచ్చారు. పంచడంలో ఆయనకు ఎదురులేదని పై నుంచి వచ్చిన అధికారి కూడా ఒప్పుకున్నాడు. ఆ అధికారే ఇంటింటికీ తిరిగి, ఎవరి దగ్గరైనా గింజలున్నాయా అని అడిగాడు. నారాయణప్ప ఆయనను కూర్చోబెట్టి, నేతి గిన్నె పెట్టి, వేడి అన్నం వడ్డించి, “మా ఇంట్లో గింజ లేదు సామీ” అని చెప్పాడు. అధికారి ఆ అన్నం తింటూనే, గింజ లేదని రాసుకుని పోయాడు.

గింజ ఇంట్లో లేదన్నది నిజమే. గొడ్లచావిడి వెనక పేడదిబ్బ కింద పాతరలో ఉంది.

పాతర తెరిచే పద్ధతి ఆ సీమలో చంటిపిల్లలకు కూడా తెలుసు. బండ తీసి ఒక దినం వదిలేయాలి, లోపలి చెడుగాలి పోవాలి. తరువాత దీపం దించి చూడాలి. దీపం ఆరితే మనిషి దిగకూడదు. నారాయణప్పకు ఇదంతా తెలుసు. కానీ దినమంతా పాతర నోరు తెరిచి పెడితే ఊరు చూస్తుంది. దీపం పెడితే ఇంకా బాగా చూస్తుంది. అందుకని ఊరంతా గంజికి పోయిన మిట్టమధ్యాహ్నం చూసుకుని, దిబ్బ తొలగించి, బండ జరిపి, ఒక చుట్ట తాగేంతసేపు మాత్రం ఆగి, భార్య బుజ్జమ్మ చేతికి తాడు ఇచ్చి, తానే దిగాడు. పనివాళ్ళను దించితే గింజలు చూస్తారని భయం.

గంజి వరసలో నలభై మంది బొచ్చెలు పట్టుకుని నిలబడి ఉండగా బుజ్జమ్మ జుట్టు విరబోసుకుని వచ్చింది.

“రండప్పా, మా ఆయన పాతరలో పడిండాడు. పిలిస్తే మూలుగుతాండాడే గానీ లెయ్యడంలా.”

 సిద్ధమ్మ బొచ్చె చంకన పెట్టుకుని అడిగింది. “యా పాతరమ్మా? మీ ఇంట్లో గింజే లేదని ఆఫీసరు దొర ముందర చెప్పింటిరి కదా.”

“ఉండాదో లేదో ఆయన్ను పైకి తీసినాక మాట్లాడుకుందురు, రండే తల్లీ.”

నలభై మందీ కదిలారు. బొచ్చెలు మాత్రం ఎవరూ కింద పెట్టలేదు. పాతర మూతి చుట్టూ నిలబడి చూస్తే లోపల చీకటి, చీకట్లోంచి ఒక మూలుగు, మూలుగుతోపాటు జొన్నల వాసన. రెండేళ్ళ తరువాత ఆ వాసన తగిలి కొందరికి నారాయణప్ప సంగతి మరపున పడింది. దీపం దించారు. మనిషి లోతు పోయేసరికి పూసంత అయి, ఆరిపోయింది.

అప్పుడు రంగప్ప ముందుకొచ్చాడు. “ముత్యాలా, దిగప్పా. ఓడలో నలభై దినాలు ఉంటివంట కదా. ఇది నలభై నిమిషాల పని గూడా కాదు.”

“నీ బావ కదా, నువ్వే దిగు” అంది సిద్ధమ్మ.

“నాకు నడుం పట్టేసిండాది. దుడ్లిచ్చినా వంగలేను. ఆయప్పకు అలవాటున్న పని.” అని ఊరివైపు తిరిగి మీసం కింద నవ్వాడు. “అలవాటు ఉందో లేదో ఈరోజు తేలిపోతాది.”

నలభై జతల కళ్ళు తాత మీదికి తిరిగాయి. తాత చేతిలో గంజి గరిటె అలాగే ఉంది.  అవ్వ గబగబా పక్కకొచ్చి గరిటె లాక్కుంది.

“నేను దిగుతా. నీకు జొరమని చెప్తా” అని చెవిలో అంది.

“ముందు గాలి దింపాల” అన్నాడు తాత పైకి.  “ఓడలో మేము పంచెలన్నీ కలిపి కుట్టి గొట్టం చేసి, పైన కట్టి గాలి లోపలికి మళ్ళించుకుంటిమి. రెండు గడకర్రలు తేండి. బట్ట తేండి.”

పంచెలు ఇచ్చారు. గడలకు కట్టి గాలికి ఎదురు పెడితే, గాలి ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్కకు నింపాదిగా పోయింది. కరువులో ఊరి బట్టలన్నీ జల్లెళ్ళయ్యాయి. చిరుగు లేని బట్ట ఊళ్ళో ఒకే ఇంట్లో ఉంది.

“బుజ్జమ్మా, నీ ధర్మవరం చీర తే” అంది అవ్వ.

బుజ్జమ్మ పాతర వైపు చూసింది, ఇంటి వైపు చూసింది. “నేత చీర ఒకటి ఉండాది, పనికొస్తాదా?”

కింద నుంచి మూలుగు వినిపించింది.

“పోనీ ఆకుపచ్చది తేనా? అది కొంచెం పాతది.”

“నీ మొగుడు ఎంత పాతవాడో అంత కొత్త చీర తే” అంది సిద్ధమ్మ.

చివరకు మామిడిపిందెల జరీ అంచు ఎర్రచీర వచ్చింది. గడలకు కట్టి నిలబెట్టగానే ఆషాఢం గాలి దాని నిండా చొరబడింది. చీర ఏనుగు పొట్టలా ఉబ్బి, తొండంలా కొంగు పాతర నోట్లోకి దిగింది. లోపలి నుంచి దుమ్ము, పొట్టు, వేడిగాలి బుసకొట్టుకుంటూ వచ్చాయి. కాసేపటికి దీపం దించితే ఆరలేదు. తాత మొహంలో రంగు మాత్రం ఆరిపోయింది. ఇప్పుడు దిగకపోవడానికి ఏ సాకూ మిగల్లేదు.

తాడు నడుముకు కట్టించుకుంటూ అవ్వతో చిన్నగా అన్నాడు. “మే, నువ్వు మూతి దగ్గర కూర్చో. పైన ఏముందో చెప్తా ఉండు. ఆపద్దు.”

“ఏం చెప్పాల?”

“ఏదుంటే అది. ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

అవ్వ బోర్లా పడుకుని తల పాతర నోట్లో పెట్టింది. ఆరుగురు తాడు పట్టారు. తాత కాళ్ళు, పొట్ట, భుజాలు, చివరికి తల లోపలికి పోయాయి.

“ఆకాశం ఉండాది” అని మొదలుపెట్టింది అవ్వ. “మబ్బు లేదు. ఉంటే మనకు ఈ గంజి కర్మ యాల పడతాది. రంగప్ప ఉండాడు. నడుం పట్టేసిందని చెప్పి, మునికాళ్ళ మీద ఎగిరెగిరి చూస్తాండాడు. బుజ్జమ్మ చీర అంచు చినుగుతాదేమోనని చీరపక్కే చూస్తాండాది, మొగుడి పక్క చూడ్డంలా. ఓబన్న తాడు పట్టుకోకుండా పట్టుకున్నట్టు నిలబడుండాడు.”

ఓబన్న గబుక్కున తాడు గట్టిగా పట్టుకున్నాడు.

మూతి కింది ఇరుకులోనే తాడు ఆగిపోయింది. తాతే గోడకు రెండు కాళ్ళూ తన్ని ఆగిపోయాడు. చుట్టూ వేడి. మోచేతులకు గోడ. ముక్కులో ఇనుము వాసన, ఆ పాతరలో ఇనుమన్నదే లేకపోయినా. పక్కన ఒక మోకాలు తగిలినట్టయింది. తుమకూరు మోకాలు.

“పలకవేమయ్యా?” పైన అవ్వ గొంతు మారింది. “ఇదో, విను. అప్పుడు సంతకు పోయి నువ్వు ఉండిపోయి పొట్టేళ్ళను పంపితివి. ఊరుకుంటి. ఇప్పుడు నువ్వు పాతరలో ఉండిపోయి నారాయణప్పను పంపితే మాత్రం నేనొప్పుకోను. పొట్టేళ్ళయినా పనికొచ్చినాయి.”

తాత కాళ్ళు గోడ నుంచి వదిలాడు.

కింద నారాయణప్ప జొన్నల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. చీరగాలి మొహాన తగిలి కొంచెం తెలివి వచ్చింది. తాత ఆయన చంకల కింద తాడు దూరుస్తూ ఉంటే గుసగుసగా అడిగాడు.

“ఎవరు? ముత్యాలా? పైన ఎంతమంది ఉండారు?”

“ఊరంతా ఉండాదప్పా.”

నారాయణప్ప కాసేపు ప్రాణం గురించి మరిచిపోయి ఆలోచించాడు. “పాతర ఒట్టిదని చెప్పు. నేను ఊరికే శుభ్రం చేసుకోను దిగినా అని చెప్పు. చెప్తే, నీ ఓడ కథ అంతా నిజమని రంగప్ప చేతనే ఊరంతా చాటిస్తా. ఇంక జన్మలో వాడు నిన్ను ఒక మాట అనడు.”

తాతకు ఏడేళ్ళుగా కావలసింది అదొక్కటే. అది అడక్కుండానే, చీకట్లో, చేతికి అందేంత దూరంలో పెట్టారు. తాడు ముడి వేస్తూ ఉన్న చెయ్యి ఆగింది.

“ఏముండాది ఆడ?” అని పైనుంచి అవ్వ అడిగింది.

తాత ముడి బిగించాడు. తరువాత పైకి చూసి, మెట్టు మీద నిలబడ్డవాడిలా చెప్పాడు. “నారాయణప్ప ఉండాడు. బతికుండాడు. ఆయప్ప కింద జొన్నలుండాయి. చెయ్యి దించితే మోచెయ్యి దాకా పోతాంది, అడుగు తగల్లేదు.”

పైన నలభై బొచ్చెలు ఒకేసారి ఒకదానికొకటి తగిలిన చప్పుడైంది.

“చెడగొడ్తివి కదరా” అని నారాయణప్ప మూలుగుతూ పైకి లేచిపోయాడు. ఆరుగురు చాలక పన్నెండుమంది లాగారు. తల వచ్చింది, భుజాలు వచ్చాయి, పొట్ట దగ్గర ఆగిపోయింది. దిగేటప్పుడు ఊపిరి బిగబట్టి జారిన పొట్ట, ఎక్కేటప్పుడు బుసకొడుతూ బిరడాలా బిగిసింది.

బిరడా పడగానే కింద చిమ్మచీకటి అయింది. గాలి ఆగింది. అవ్వ గొంతు ఆగింది. ఓడ మూతి బండేసినట్టు మూసుకుంది.

అప్పుడు ముత్యాలప్ప తాత అరిచాడు. ఊరవతల వంకలో గోలీలాడే పిల్లలకు కూడా వినిపించేటట్టు అరిచాడు. “నాకు భయంగా ఉండాది. నాకు మొదట్నుంచీ భయమే. మే పెద్దక్కా, తీయండి, నన్ను బయటికి తీయండి.”

ఊరంతా విన్నది. రంగప్ప రెండు చెవులతో విన్నాడు. అవ్వ మాత్రం లేచి, నారాయణప్ప మొహం మీద మొహం పెట్టి, “పొట్ట లోపలికి పీల్చు. లేదంటే సూది తెస్తా” అంది. కింద తాత జొన్నల గుట్టెక్కి, తల ఎత్తి నారాయణప్ప పిరుదులకు ఆనించి పొట్టేలు పొడిచినట్టు పొడిచాడు. పెద్దిల్లు జొన్నలు రాల్చుకుంటూ బయటపడింది. దాని వెనక, మళ్ళీ దించిన తాడు పట్టుకుని తాత. బయటికి వచ్చి, పేడదిబ్బ పక్కన పడి, కడుపులో ఉన్నదంతా కక్కి, వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ పడుకున్నాడు. 

రంగప్ప గొంతు సవరించుకున్నాడు. “విన్నారు కదప్పా. పాతరకే ఇట్లా అరిచినోడు ఓడలో ఉంటాడా?”

జవాబు తాత చెప్పలేదు, అవ్వ చెప్పలేదు. దిబ్బకు రెండో పక్కన పడి రొప్పుతున్న నారాయణప్ప చెప్పాడు. బేరం గురించి ఆయనకు ఆ క్షణంలో గుర్తే లేదు. నోట్లో ఇంకా జొన్నపొట్టు ఉంది.

“నోరు ముయ్యరా రంగా. అర్ధగంటకే నా తాత ముత్తాతలు కనపడినారు. నలభై దినాలు ఉన్నోడు అరవక భజన చేస్తాడా? ఇయ్యాల దిగినాడు సూడు. నువ్వు దిగితివా?”

 సిద్ధమ్మ తన బొచ్చెలో నీళ్ళు తెచ్చి ముందు తాతకు పట్టింది. “ఉప్పగా ఉండాయా?” అని అడిగింది. అంతవరకు ఆ ప్రశ్న ఎప్పుడూ వేళాకోళంగానే అడిగేది.

జొన్నలు దాచడానికి ఇక దిబ్బ చాలదు. మరుసటి దినం ఇంటికొక పోగు పెట్టారు. నారాయణప్ప కూడా తన జొన్నలకు తనే గుర్తు ఇచ్చి వరసలో నిలబడ్డాడు. గుడ్డ ఎవరి చేతికివ్వాలి అన్న ప్రశ్న వస్తుందని తాత దూరంగా కూర్చుని ఉంటే, ఓబన్న దాన్ని తెచ్చి ఒళ్ళో వేసిపోయాడు. అంతకు ముందు రంగప్ప గుర్తు ఎప్పుడూ మెరిసే ఇత్తడి బిళ్ళ, చీకట్లో కూడా ఎవరిదో తెలిసేటట్టు. ఆ దినం మాత్రం అందరిలాగా ఒక పుల్ల తెచ్చి గుడ్డలో వేశాడు. వారానికి అధికారి వచ్చి, నారాయణప్ప తన గింజలను మనస్ఫూర్తిగా పంచిపెట్టాడని రాసుకుని, పెనుకొండ సభలో దండ వేయించాడు. దండ వేసుకున్న పొట్టకు పాతర మూతి గీరిన గీత ఇంకా మానలేదు. బుజ్జమ్మ ఆ సభకు ఎర్రచీరే కట్టుకుంది. జరీ అంచుకు పేడ మరక ఉంది. అడిగినవాళ్ళకు అది మొగుడి ప్రాణం మరక అని చెప్పింది.

తాతకు ఆ తరువాత అబద్ధాల పని తగ్గింది. బయట ఎందుకు పడుకున్నావంటే, “భయమప్పా” అనేవాడు, ఆకలప్పా అన్నట్టు. కావలి సాకు అక్కర్లేక కుంటి గొర్రెను అమ్మేశాడు.

అరవై నాలుగులో కూతురు ఈరక్క పెళ్ళి కుదిరింది. పెళ్ళిచీర కోసం ధర్మవరం పోవాలి. అప్పటికి బస్సు పైన మనుషులు ఎక్కకూడదని కండక్టర్లు గట్టిగా అంటున్నారు. తాత పద్దెనిమిదేళ్ళ మొండితనం దిగమింగి, మొట్టమొదటిసారి బస్సు లోపల కూర్చున్నాడు. కిటికీ పక్కన అవ్వ, ఆమె పక్కన ముందరి సీటు కమ్మీ పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని తాత. బస్సు కదిలింది.

“తుమ్మచెట్టు ఉండాది” అంది అవ్వ. “తుమ్మచెట్టు పోయింది. ఎనుము ఉండాది. మనపక్కే చూస్తాండాది. రాళ్ళుండాయి. ఇంకా రాళ్ళుండాయి.”

కండక్టరు టికెట్టు చింపుతూ ఆగాడు. “ఏమ్మా, పెద్దాయనకు కండ్లు కనపడవా?”

“కనపడతాయి నాయనా. ఓడలో ఉండాడు.”

కండక్టరు బస్సు ముందునుంచి వెనక దాకా ఒకసారి చూసుకుని, ఇంకేమీ అడక్కుండా పోయాడు.

పెనుకొండ దాటాక అవ్వకు కునుకు పట్టింది. మాట ఆగింది. తాత కమ్మీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. లేపుదామా వద్దా అని ఆయన తంటాలు పడుతూ ఉంటే వెనక సీటు నుంచి ఒక గొంతు దగ్గింది. రంగప్పది. ఆయన కూడా ఏదో పని మీద అదే బస్సులో ధర్మవరం పోతున్నాడు.

“ముత్యాలప్పా” అన్నాడు రంగప్ప, కిటికీలోంచి మెడ సారించి. “చింతచెట్టుండాది. ఇద్దరు గొర్రెలు తోలుకుపోతాండారు. ఒకడు ఒట్టి కాళ్ళతో ఉండాడు, ఒకడికి చెప్పులుండాయి. బావి ఉండాది. బావిలో... ఆఁ, నీళ్ళు నిండుగా ఉండాయి. పొంగి పొర్లుతాండాయి.”

తాత కళ్ళు తెరవలేదు. చేతి పట్టు మాత్రం కొంచెం వదులైంది.

“ఉన్నది ఉన్నట్టు చెప్పప్పా” అన్నాడు.